నా పేరు మీద అసిరయ్య మాట

తొమ్మిదేళ్ళుగా ఒక మాట మోస్తున్నాను. అది నాది కాదు. నాదేనని కొందరు అనుకుంటున్నారు. వాళ్ళు ఎక్కడెక్కడో దూరదేశాల్లో ఉన్నవాళ్ళు, నా ముఖం ఎన్నడూ చూడనివాళ్ళు. ఇంత చిన్న సంగతికి ఇంత బరువేమిటని మీరు అడగొచ్చు. నన్ను నేనూ అడిగాను, చాలాసార్లు. వస్తువు ఎత్తుకుపోయినవాడు ఎప్పటికైనా తెచ్చి ఇవ్వగలడు. మాట ఎత్తుకుపోయినవాడు ఏం తెచ్చి ఇస్తాడు?

మాది నరసన్నపేట. ఇత్తడి, స్టీలు సామాన్ల కొట్టు. నాన్న తర్వాత నేను చూసుకుంటున్నాను. పెళ్ళి మొదట్లో కుదరలేదు, తర్వాత నేనే వద్దన్నాను. మధ్యాహ్నం బేరాలు ఉండవు. భోజనం చేసి వచ్చి, గల్లాపెట్టె దగ్గర కూర్చుని, ఫోన్లో పాటలు వింటాను. అవి ఇక్కడెవరూ వినే పాటలు కావు. అమెరికాలో టెక్సాస్ వైపు పాడే బ్లూస్ పాటలు. గిటారు, కొంచెం బొంగురు గొంతు, బోలెడంత దిగులు. పక్క కొట్టు ఆయన ఆ చప్పుడు విని, ఎవరైనా పోయారా అని అడిగేవాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మా అక్క నవ్వేది. నవ్వనీ. కానీ ఒక పాట బాగుందని చెప్పుకోవడానికి పక్కన మనిషి లేకపోవడం ఎలా ఉంటుందో వాళ్ళకి తెలియదు. ఆకలికంటే అదే ఎక్కువ బాధ పెట్టేది నన్ను.

అందులో ఒక గిటారిస్టు నాకు ప్రాణం. పేరు చెప్పను. పెద్ద పేరున్నవాడు కాదు. ఆయన ఆల్బం ఒకటి నెట్‌లో ఉండేది. దాని కింద విన్నవాళ్ళు అభిప్రాయాలు రాసేవారు. పాటలకంటే అవే ఎక్కువసార్లు చదివానేమో. రెండో పాట మరీ సాగిందని ఒకాయన. డ్రమ్ము గిటారుని మింగేసిందని ఇంకొకాయన. తల్లిని ఆసుపత్రికి తీసుకెళ్ళే దారిలో రోజూ ఇదే వినేదాన్నని ఒకామె. మొదటిసారి విని పక్కన పడేశాననీ, భార్య వెళ్ళిపోయాక మళ్ళీ విన్నాననీ ఒక లారీ డ్రైవరు. ఒకరికొకరు జవాబులు రాసుకునేవారు, పోట్లాడుకునేవారు. నేనూ రాసేవాణ్ణి, నాకొచ్చిన ఇంగ్లీషులో. చాలా బాగుంది సార్, అని. ఒక్కరూ పలికేవారు కాదు. బాగుందన్నవాడితో మాట్లాడటానికి ఏముంటుంది?

అలాంటి రోజుల్లో అసిరయ్య మావ మా కొట్టుకి వచ్చాడు. వావి వరసేమీ లేదు, ఊరి పిలుపు. జముకుల కథ చెప్పే ముగ్గురి జట్టులో ఆయన జముకు వాయించేవాడు. చూడనివాళ్ళకి చెబుతాను. జముకు ఒక చిన్న ఇత్తడి గుండు. ఒక పక్క తోలు బిగించి ఉంటుంది. ఆ తోలు నడుమ నుంచి ఒక నరం వస్తుంది. గుండుని చంకలో ఇరికించుకుని, ఒక చేత్తో నరాన్ని లాగి బిగిస్తూ, రెండో చేత్తో మీటుతారు. ఎంత లాగితే గొంతు అంత మారుతుంది. ఆ గుండు అంచు చిట్లితే మాటు వేయించడానికి తెచ్చాడు. మా మాట్లు వేసే మనిషి పని చేస్తుంటే స్టూలు మీద కూర్చున్నాడు. నా ఫోన్లో ఆ ఆల్బం నడుస్తోంది. ఆపబోయాను. వద్దని చెయ్యి ఊపాడు.

పాట మొత్తం విన్నాడు. తర్వాత, ఎవరూ అడక్కుండానే, అన్నాడు.

"ఈ బాబు తీగని మీటడం లేదు బాబూ, లాగతన్నాడు. అది ఏడుద్దామనుకునే ముందే ఒగ్గేస్తన్నాడు. మా జముకూ అంతే. ఏడవనిస్తే అది ఒట్టి ఏడుపు. ఏడవనీకండా ఆపితేనే పాట."

ఇన్నేళ్ళు విన్నాను, నాకెందుకు తట్టలేదు ఈ ముక్క?

ఆయన వెళ్ళాక ఆ మాటని ఇంగ్లీషులో పెట్టడానికి కూర్చున్నాను. డిక్షనరీ చూసుకుంటూ, కొట్టేస్తూ, మళ్ళీ రాస్తూ. మొదట "మా పక్క ఊళ్ళో ఒక వాయిద్యగాడు ఇలా అన్నాడు" అనే మొదలుపెట్టాను. ఇది మీరు నమ్మాలి. తర్వాత ఆ వాక్యం తుడిచేశాను. ఎందుకు తుడిచాను? వాక్యం పొడుగైందని ఆ రోజు నాకు నేను చెప్పుకున్నాను. పొడుగు కాదు. అది ఉంటే మెచ్చుకోలు ఆయనకి పోతుంది, నాకు రాదు. మా ప్రాంతంలో ఇలాంటి వాయిద్యం ఒకటి ఉందని, అది వింటూ పెరిగిన నాకు ఇలా అనిపించిందని రాశాను.

తెల్లారేసరికి జవాబులే జవాబులు. లారీ డ్రైవరు రాశాడు. ఆసుపత్రి ఆమె రాసింది. మర్నాడు ఆ గిటారిస్టే రాశాడు. నా గిటారు గురించి ఇంత సరిగ్గా ఎవరూ చెప్పలేదు, మీరెవరండీ అని. గల్లాపెట్టె మీద తల పెట్టుకుని ఏడ్చాను. సంతోషంతోనే. సొమ్మొకడిది, సోకొకడిది అని వేరేవాళ్ళని ఎన్నిసార్లు వెక్కిరించానో, ఆ రోజు అది గుర్తు రాలేదు.

కొన్నాళ్ళకి ఆయన నా మెయిలుకి ఇంకో ఉత్తరం పెట్టాడు. ఆ వాయిద్యం ఇప్పుడు ఎవరైనా వాయిస్తున్నారా, ఉంటే ఫోన్లో రికార్డు చేసి పంపండి, వినాలని ఉంది, వీలైతే దానితో కలిసి వాయించాలనీ ఉంది, అని.

అసిరయ్య ఊరు మా కొట్టుకి సైకిలు మీద పావుగంట.

లేరండీ, అని రాశాను. నా చిన్నప్పుడు వాయించినవాళ్ళతోనే అది పోయింది, అని రాశాను.

ఎందుకు రాశానో తొమ్మిదేళ్ళుగా తవ్వుకుంటున్నాను. ఆయన ఒక్కసారి అసిరయ్య చెయ్యి వింటే ఇక నాతో పనేముంటుంది? నేను మళ్ళీ "చాలా బాగుంది సార్" అనే మనిషినైపోతాను. నా జీవితంలో నన్ను వెతుక్కుంటూ వచ్చిన పలకరింపు అదొక్కటే. దాన్ని పంచుకోలేకపోయాను. మనసులో అంత ఇరుకు ఉంటుందని అంతకు ముందు నాకు తెలియదు.

ఆ ఏడే అసిరయ్య మళ్ళీ వచ్చాడు. చేతిలో జముకు. మాటు వేయాలేమో అనుకున్నాను.

"కథ సెప్పేవోడు పోనాడు బాబూ. రెండోవోడు మంచాన పడ్డాడు. నేనొక్కణ్ణీ దీన్ని సంకలో ఎట్టుకుని ఏటి సేస్తాను? తీసుకుని ఓ స్టీలు బకెట్టు ఇయ్యి," అన్నాడు.

పాత ఇత్తడికి స్టీలు ఇవ్వడం మా కొట్టులో రోజూ ఉండేదే. నేను కదల్లేదు. ఆయన గల్లా మీదున్న ఫోన్ వైపు చూశాడు.

"ఆ గిటారు బాబుకి మన జముకు గురించి ఎవులైనా సెప్పుంటారేటి? ఇంటే ఏటంతాడో."

గిటారు బాబు ఉత్తరం ఆ ఫోన్లోనే ఉంది. మాకిద్దరికీ మధ్య, చెయ్యి చాస్తే అందేంత దూరంలో.

"వాళ్ళకి ఇవన్నీ ఎక్కడ పడతాయి మావా," అన్నాను.

"అవున్లే," అన్నాడు.

నరం విప్పి, చుట్ట చుట్టి, జేబులో వేసుకున్నాడు. తోలు కోసి తీసేశాడు. ఇత్తడి కానిదేదీ తూకంలో పడకూడదని. నేను తూచాను. తూకంలో ఎవరినీ మోసం చేయని వంశం మాది. బకెట్టు పట్టుకుని ఆయన వెళ్ళిపోయాడు. ఆ గుండుని నేను దాచుకోగలిగేవాణ్ణే. దాచలేదు, రోజూ కంటబడుతుందని. పాత సామాన్ల మూటతో పాటు కరుగుకి పోయింది. నేను రాసిన అబద్ధం దాంతో నిజమైపోయింది.

గిటారిస్టు తర్వాతి ఆల్బంతో చిన్న పుస్తకం వేశాడు, శ్రోతల అభిప్రాయాలతో. మొదటి పేజీలో నా పేరు, నరసన్నపేట పేరు. సంతకం పెట్టి ఒకటి పంపాడు. అందరూ అభినందిస్తుంటే తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. ఆ పుస్తకం అటక మీద అట్టపెట్టెల వెనక ఉంది. ఆయన ఇప్పుడు వాయించడం మానేశాడు. నెట్‌లో ఆ ఆల్బం పేజీ కూడా లేదు. అక్కడ దిద్దుకోవడానికి ఇక చోటు లేదు.

అసిరయ్య ఉన్నాడు. ఆయనకి చెప్పొచ్చు కదా అంటారు. తిడతాడని భయం లేదు. తిట్టడు. "పోన్లే బాబూ" అంటాడు. అంత తేలిగ్గా వదిలేస్తాడనే నా భయం. అందుకే మీకు చెబుతున్నాను, మీరు ఏమీ అనలేరు కాబట్టి. ఇది రాస్తుంటే ఎక్కడో ఒక ముడి వదులైనట్టు ఉంది. అంతే. తప్పు కడిగేసుకున్నానని అనను.

పోయిన వారం మావ బియ్యం డబ్బా కొనడానికి వచ్చాడు. పాట పెట్టమని తనే అడిగాడు. పెట్టాను. కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నాడు. ఈసారి ఇంకో మాట అన్నాడు. మొదటిదానికంటే లోతైనది. నాకు తెలియకుండానే చెయ్యి పెన్ను కోసం వెళ్ళింది. వెనక్కి తీసుకున్నాను.

ఆ మాట ఎక్కడా రాయలేదు. మీకూ చెప్పను. అది ఆయనది.