నీలి ముఖానికి నల్ల ఫ్రేము

1964. కాగజ్‌నగర్ బజారులో నేను ఫొటో ఫ్రేముల దుకాణం పెట్టి అప్పటికి మూడేళ్లు. కాగితం మిల్లు క్వార్టర్ల నుంచీ చుట్టుపక్కల ఊళ్ల నుంచీ పని వచ్చేది. వచ్చినవాటిలో సగం దేవుళ్లు. మిగిలిన సగంలో ఎక్కువమంది పోయినవాళ్లు.

ఫ్రేముకు వాడే చెక్క పట్టీని మేము బీడింగ్ అంటాం. దానికి మా దుకాణంలో ఒక నియమం ఉండేది. దేవుడికి బంగారు రంగు, బతికున్నవాళ్లకు గోధుమ రంగు, పోయినవాళ్లకు నలుపు. నల్ల ఫ్రేముకు పై మూలల్లో దండ కోసం రెండు చిన్న కొక్కేలు కూడా బిగించేవాణ్ని.

ఆ ఏడాది మిల్లు లాబొరేటరీలో పనిచేసే వేణుగోపాల్ అనే యువకుడు మూడు ప్రింట్లు తెచ్చాడు. ఫ్రాన్సులో ఉండే ఒక ప్రఖ్యాత చిత్రకారుడి బొమ్మలకు అచ్చు ప్రతులవి. ఒకదానిలో ముక్కలైన గిటారు. ఒకదానిలో పళ్లెంలోంచి జారుతున్న పళ్లు. మూడోదానిలో ఒక స్త్రీ. ముఖం నీలం, రెండు కళ్లూ ముక్కుకు ఒకే పక్కన. అతని భార్య కాన్పుకని సుల్తానాబాద్‌లో పుట్టింట్లో ఉంది. ఆమె పిల్లాడితో తిరిగొచ్చేలోగా ముందుగదిని కొత్తగా అలంకరించాలని అతని కోరిక.

"ఈమె ఎవరు సార్?" అని అడిగాను. బీడింగ్ కోసం అడగాలి.

"ఆ చిత్రకారుడికి తెలిసినామె. ఎప్పుడో పోయింది," అన్నాడు.

గిటారుకూ పళ్లకూ గోధుమ రంగు వేశాను. ఆమెకు నలుపు వేసి, కొక్కేలు బిగించాను. బొమ్మ చుట్టూ మౌంట్ పెట్టాను. మౌంట్ అంటే బొమ్మకూ ఫ్రేముకూ మధ్య కనిపించే మందపాటి అట్ట. అంచుల్లోని అచ్చు అక్షరాలు దాని కింద దాగిపోయి పని శుభ్రంగా కనిపించింది. దుకాణంలో అద్దాలు తుడిచే నా భార్య మాత్రం, "గామెకు కొక్కేలెందుకు, దండేసెటోళ్లెవరున్నరు?" అంది. నేను పట్టించుకోలేదు.

పది రోజుల తరువాత ఒక మధ్యాహ్నం వేణుగోపాల్ చెప్పులు లేకుండా దుకాణానికి వచ్చాడు. భార్య, మామ పొద్దున బండి దిగారట. ఇల్లు చూసి, సాయంత్రం బండికి తిరిగి పోతామంటున్నారట. "నువ్వొచ్చి చెప్పు. నేను చెప్తే నమ్ముతలేరు," అన్నాడు. సుత్తి, పట్టకారు తీసుకుని వెళ్లాను.

వరండాలో తాడు విప్పని ట్రంకుపెట్టె. దాని మీద అతని భార్య సుశీల, ఒళ్లో పిల్లాడు. పక్కన ఆమె తండ్రి రాజలింగం, వడ్ల వ్యాపారి. లోపల గోడ మీద నల్ల ఫ్రేములో నీలి ముఖం, నుదుట కుంకుమ, కొక్కేలకు తాజా బంతిపూల దండ.

కుంకుమ పెట్టి దండ వేసింది ఇల్లు ఊడ్చే పోశవ్వ. సుశీల వస్తోందని ఇల్లంతా కడిగి, చివరికి ఆ పని కూడా చేసింది. "కొక్కేలున్నయి, దండ లేదు. పాపమనిపించింది," అని నాతో చెప్పింది.

సుశీల అరవలేదు. "మొదటామె ఉండెనని పెండ్లికి ముందు చెప్తే నేను వద్దందునో, సరేనందునో. దాచిపెట్టుడెందుకు?" అంది.

రాజలింగానికి కోపం కన్నా జాలి ఎక్కువగా ఉంది. "మొకం చూస్తలేవా బిడ్డా. రెండు కండ్లు ఒక్క దిక్కుకే పోయినయి. అంత నీలమైంది. మస్తు తక్లీఫ్ పడ్డట్టుంది పిల్ల." తరువాత అల్లుడి వైపు తిరిగి, వరంగల్ దవాఖానకు తీసుకుపోయావా అని అడిగాడు.

వేణుగోపాల్ అక్కడ ఊరుకోవలసింది. ఆధునిక చిత్రకళ గురించి మొదలుపెట్టాడు. మనిషిని ముందు నుంచీ పక్క నుంచీ ఒకేసారి చూపడమే ఆ చిత్రకారుడి గొప్పతనమన్నాడు.

"నువ్వు అన్ని దిక్కులకెల్లి చూసినవ్ గదా అల్లుడా," అన్నాడు రాజలింగం. "మాకు ఒక్క దిక్కుకెల్లన్న చూపకపోతివి."

మాటలతో అయ్యే పని కాదని అర్థమైంది. ఫ్రేము దింపి, వెనక మేకులు పీకి, మౌంట్ ఎత్తాను. కింది అంచులో చిత్రకారుడి పేరు, అచ్చువేసిన ఊరు, వరుస సంఖ్య ఇంగ్లీషులో ఉన్నాయి. సుశీల మెట్రిక్ చదివింది. వేలు పెట్టి రెండుసార్లు చదివింది. అదే వేలితో కాగితాన్ని గీకి చూసింది.

"బాపూ, ఇది క్యాలెండర్ లెక్క అచ్చేసింది," అంది.

"మరి నల్ల కట్టె ఎవరు పెట్టమన్నరు?"

ఎవరూ అనలేదని, ఆమె పోయిందని విని నేనే పెట్టానని, తప్పు నాదేనని ఒప్పుకున్నాను. రాజలింగం వంగి బొమ్మను చూశాడు.

"అంటే గా పిల్ల నిజంగనే సచ్చిపోయిందా?"

"ఎప్పుడో పోయిందట."

"అయితే దండ తియ్యకుండ్రి," అన్నాడు.

సుశీలకు నవ్వు ఆగలేదు. పిల్లాణ్ని తండ్రి చేతికిచ్చి, పెట్టె తాడు విప్పి, లోపల్నుంచి తన ఫొటో ఒకటి తీసింది. "దీన్ని గూడ కట్టి దాని పక్కకే పెట్టు. ఎవరు బతికున్నరో వచ్చినోళ్లకు తెలువాలె."

నల్ల కట్టె తీసేసి, రెంటికీ గోధుమ రంగు బీడింగ్ వేసి, నేనే వెళ్లి మేకులు కొట్టి వచ్చాను.

అంతకుముందు ముఖమున్న బొమ్మ వస్తే, ఉన్నారా, పోయారా అని అడిగేవాణ్ని. ఆ తరువాత, మీకేమవుతారు అని అడగడం మొదలుపెట్టాను. జవాబు చెబుతూ చెబుతూ చాలామంది ఏ రంగు కావాలో వాళ్లే చెప్పేవారు. అచ్చు అక్షరాలను మళ్లీ మౌంట్ కింద దాచలేదు.

నిరుడు నా భార్య ఫొటో కట్టుకున్నాను. గోధుమ రంగు వేశాను. కొక్కేలు పెట్టలేదు. ఆమె ఇన్నేళ్లూ కూర్చుని అద్దాలు తుడిచిన చోట, గోడకు తగిలించాను. చాలాకాలానికి వచ్చిన ఒకాయన ఆ ఫొటో చూసి, "అక్క కనబడ్తలేదు, ఊరికి పోయిందా?" అని అడిగాడు. తలూపి, ఆయన తెచ్చిన ఫొటో చేతిలోకి తీసుకున్నాను.

"మీకేమవుతారు?" అన్నాను.