పెళ్ళి చప్పరంలో తాత తలగుడ్డ విప్పిన రోజు

మా చిన్నప్పుడు... ఎండాకాలం పెళ్ళికి మగవాళ్ళకు ఒకటే వేషం. ఉతికిన పంచె, పల్చని చొక్కా, తలకు తెల్లటి తలగుడ్డ. అంతే. ఏం వేసుకోవాలని ఎవరూ ఎవరినీ అడిగేవాళ్ళు కాదు.

తలగుడ్డంటే తువాలు కాదు... ఇంటి వాకిలి ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరిస్తే ఇంకా మిగిలేది. మా తాత దాన్ని అద్దం చూడకుండా చుట్టేవాడు. నిద్రకు తప్ప తీసేవాడు కాదు. మగవాడు నలుగురిలో తలగుడ్డ తీశాడంటే అది చావింట్లోనే... అది మా వైపు కట్టుబాటు.

మా మేనత్త పెళ్ళి అత్తిబెలె దగ్గర మా పల్లెలో జరిగింది. ఇంటి ముందు కానుగ ఆకుల చప్పరం వేశారు. పెళ్ళికొడుకుకు బెంగుళూరులో మిల్లు పని. స్నేహితులు ఏం ఎక్కించారో ఏమో... పంచె మీద నల్లటి ఉన్ని కోటు వేసుకుని, మెడ దాకా గుండీలు పెట్టుకుని వచ్చాడు. నెత్తిన ఎండ మండుతోంది. విడిది నుంచి మేళంతో నడిపించుకొస్తున్నారు.

తాత చెల్లెలు, మా చిన్నవ్వ, నోరు ఊరుకునే మనిషి కాదు. "ఏమప్పా పెండ్లికొడకా, మీ బెంగుళూర్లో ఇప్పుడు చలి పెడతా ఉండాదా?" అంది. ఆడవాళ్ళంతా నవ్వారు. అతనూ నవ్వాడు... కోటు మాత్రం తీయలేదు.

చప్పరం కిందికి వచ్చాడో లేదో కుప్పకూలిపోయాడు.

మేళం ఆగిపోయింది. "వీనికి మూర్ఛ ఉండాది. దాచిపెట్టినారు. పిల్లను లోపలికి తీసుకపొండి" అంది చిన్నవ్వ. ఆ మాట చప్పరమంతా పాకింది. మా అత్త పసుపుచీరలో గడప పట్టుకుని నిలబడింది... ముఖాన నెత్తురు చుక్క లేదు. ఇంకొక్కరు వంత పాడి ఉంటే పెళ్ళి అక్కడే చెడిపోయేది.

తాత జనాన్ని తోసుకుని ముందుకొచ్చాడు. వంగి అల్లుడి కోటు ఊడదీశాడు. ఆ తర్వాత రెండు చేతులూ తన తల మీదికి పోయాయి... తలగుడ్డ విప్పాడు. కడవలో ముంచి, తడి గుడ్డను అల్లుడి ఒంటికంతా చుట్టాడు.

తాత తలను పగటి వెలుతురులో చూడడం నాకు అదే మొదలు. పల్చటి తెల్ల వెంట్రుకలు... నుదుటి మీద గుడ్డ బిగించే చోట లోతుగా చార. నాకు దేవుణ్ణి చూసినట్టు ఒళ్ళు జలదరించింది.

"అన్నా, పెండ్లిచప్పరంలో ఒట్టితలతో నిలబడతావా? ఎవరు సచ్చినారని?" అంది చిన్నవ్వ.

"ఎవరూ సావలా. సావకుండా ఉండల్లనే తీసినా" అన్నాడు తాత.

అప్పుడు పెళ్ళికొడుకు తండ్రి ముందుకొచ్చి తన తలగుడ్డ విప్పాడు. "నువ్వొక్కడివే ఎందుకు బావా" అన్నాడు. అతని వెనక మేళంలో నాదస్వరం ఊదే ముసలాయన. ఆ వెనక ఊరి పెద్దలు... ఒకరి తర్వాత ఒకరు. కాసేపటికి చప్పరం కింద ఏ మగవాడి తల మీదా గుడ్డ లేదు. విప్పిన గుడ్డలన్నీ తడిపి చప్పరం చుట్టూ పరదాల్లాగా కట్టారు. నీళ్ళు కారుతూ... వాటిలోంచి గాలి చల్లగా వీచింది. అంత తెలుపు నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

పెళ్ళికొడుకు కళ్ళు తెరిచి నీళ్ళడిగాడు. చిన్నవ్వే చెంబుతో మజ్జిగ తెచ్చింది. "తాగు నాయనా. ఆ కోటు మళ్ళా ఏసుకుంటివా, నేనే తరుముతా" అంది. తాత తడిగుడ్డ భుజాన ఉండగానే పెళ్ళికొడుకు తాళి కట్టాడు.

ఇప్పుడు మేం బెంగుళూరు మహదేవపురలో ఉన్నాం. మొన్న మనవడు ఫోనులో కోట్లు చూపించి, ఊరి బయట తోటలో స్నేహితుడి పెళ్ళి, ఏది బాగుందో చెప్పమన్నాడు. ఏదీ బాగాలేదన్నాను. పల్చని నూలు పంచె, వదులు చొక్కా, భుజాన తువాలు... ఎండాకాలం తోటలో పెళ్ళికి మగవాడికి అంతకన్నా ఏం కావాలి. నవ్వి వెళ్ళిపోయాడు.

ఈ కాలం పెళ్ళిళ్ళలో అందరివీ ఒట్టితలలే... ఒక మనిషి కోసం విప్పడానికి ఎవరి తల మీదా ఏమీ లేదు. మీ ఇళ్ళలో మగవాళ్ళు పెళ్ళికి ఏం కట్టుకుని పోయేవారు? తలగుడ్డ చుట్టడం తెలిసిన చెయ్యి మీ ఇంట్లో ఇంకా ఉంటే... ఆ మనిషి గురించి కింద నాలుగు మాటలు రాయండి.