చెరువు పొంటి మా తాతయ్య పట్టా

నా చిన్నప్పుడు, ఇప్పటి ఫిల్మ్ నగర్ గుట్టల కింద, మా తాతయ్యకు ఒక రైల్వే ఉండేది. మొన్న ఆదివారం పొద్దున ఈ మాట అనగానే నా చుట్టూ ఉన్న గుంపు నడక ఆపేసింది. "సొంత రైల్వేనా అంకుల్?" అని అడిగారు. సొంతమే అన్నాను. నవాబుగారి బండి కూడా మా తాతయ్య చెయ్యెత్తితే తప్ప కదిలేది కాదన్నాను. నమ్మేశారు. అంత చవకగా నమ్మేవాళ్లు దొరికితే నా నాలుక ఆగదు.

వీళ్ల సంగతి కొంచెం చెప్పాలి. చెరువు అవతల అద్దాల ఆఫీసులు లేచినప్పటి నుంచి జూబ్లీహిల్స్‌లో నడవడం ఒక కొత్త విద్య అయింది. ఇంటి దగ్గర్నుంచి చెరువు దాకా కారులో వస్తారు. కారు దిగి బూట్ల తాళ్లు బిగిస్తారు. వీపున సంచీ, ఆ సంచీలోంచి నోటి దాకా ఒక నీళ్ల గొట్టం, చేతిలో కర్ర. ముసలివాణ్ణి, నాకు లేని కర్ర ఆ పడుచువాళ్లకు కావాలి. చెరువు పక్కన బల్లపరుపుగా ఉన్న పాత రైలు దారిలో కాసేపు నడిచి, దానికి ట్రెక్కింగ్ అని పేరు పెట్టుకుంటారు. దారి పొడుగునా ఒకటే మాట: ఎవరు ఎక్కడ ఫ్లాటు కొన్నారు, గజం ఎంత పలుకుతోంది, ఆ బండ మీది మేడ ఏ నిర్మాతది. నీళ్ల మీద కొంగ వాలితే ఒక్క తల తిరగదు. ఫోను మోగితే మాత్రం అందరూ జేబులు తడుముకుంటారు. పాతకాలపు మనిషిని కదా, ఈ దారి చరిత్ర చెప్పమని నన్ను పట్టుకొచ్చారు.

వాళ్లకు చెప్పింది అలా ఉంచి, మీకు నిజం చెబుతాను. అది రైల్వే కాదు. గుట్టలో కొట్టిన రాయిని చిన్న చిన్న పెట్టెల్లో పోసి, చెరువు గట్టు వెంబడి బోరబండ వైపు పెద్ద లైను దాకా చేర్చే రాళ్ల లైను. ఇంజను కూడా లేదు, దున్నపోతులు లాగేవట. 'అట' అని ఎందుకంటున్నానంటే, నాకు ఊహ తెలిసేసరికే రాయి కొట్టడం మానేశారు. పెట్టెలు పోయాయి, దున్నపోతులు పోయాయి, ఇనుప పట్టాలు మిగిలాయి. వాటినెవరూ ఊడబెరుక్కుపోకుండా కాపలా కాయడం మా తాతయ్య కొలువు. ఎప్పటికీ రాని బండి కోసం ఆయన రోజూ గట్టు వెంట నడిచి వచ్చేవాడు.

ఆయనకు మనుషులంటే చులకన. అందులోనూ భూమి చూసుకుని మీసం దువ్వేవాళ్లంటే మరీను. ఎవరైనా అలాంటివాడు ఎదురైతే ఆయన ముఖం పండగ పూట పిల్లవాడి ముఖంలా వెలిగేది. నాకు ఆ గుణం ఆయన నుంచే వచ్చింది. ఆస్తి అంటూ ఆయన నాకిచ్చింది అదొక్కటే.

ఒకరోజు మా మేనత్తను చూసుకోవడానికి పెళ్లివారు వచ్చారు. పెళ్లికొడుకూ, అతని మేనమామా. పెద్ద లైను దగ్గర రైలు దిగిన వాళ్లను ఇంటికి తీసుకురావడానికి తాతయ్య వెళ్తూ నన్ను వెంటబెట్టుకున్నాడు. గట్టు మీద నడక మొదలైందో లేదో, ఆ మామ చెయ్యి చాచి గుట్టల్నీ చేలనూ వేలితో పొడవడం మొదలుపెట్టాడు. గా చెల్క ఎవరిది? గా తోట ఎవరిది? చివరికి వేలు మా తాతయ్య వైపు తిరిగింది.

"ఏమయ్యా, నీకేమన్న భూమి జాగ ఉన్నదా, ఉత్త కొలువేనా?"

తాతయ్య ఒక్క క్షణం నా వైపు చూశాడు. ఎడమ కన్ను సగం మూసుకుంది.

"పట్టా ఉన్నది. గీడికెళ్లి మా ఇంటి దాంక. యాడ తెగలే."

"చెరువు పొంటినా?"

"చెరువు పొంటే, గట్టెంబడి. సర్కారే నాకు అప్పజెప్పింది. నాకు తెల్వకుంట ఎవ్వడు దాని మీద చెయ్యి పెట్టలేడు."

చూశారా, ఒక్క అబద్ధం లేదు. భూమి హక్కునూ పట్టా అనే అంటాం, రైలు చక్రం దొర్లే ఇనుప కడ్డీనీ పట్టా అనే అంటాం. ఏ పట్టానో ఆ పెద్దమనిషి అడగలేదు. ఆయన కళ్లు దూరంగా గుట్టల మీదే ఉన్నాయి, కాళ్లు మాత్రం అసలు పట్టాకు తట్టుకుంటూనే ఉన్నాయి.

ఆ క్షణం నుంచి "ఏమయ్యా" పోయి "బావా" వచ్చింది. ఎండ తగులుతోందని తన గొడుగు మా తాతయ్య తల మీద పట్టాడు. ముక్కు కారుతున్న నన్ను ఎత్తి భుజం మీద కూర్చోబెట్టుకున్నాడు. సిగ్గులేకుండా చెబుతున్నాను, నేనూ నమ్మాను. ఆ భుజం మీంచి చెరువంతా చూస్తూ, మా వాడపిల్లల్లో ఎవర్ని ఈతకు రానివ్వాలో, ఎవర్ని కాళ్లు పట్టుకున్నా రానివ్వకూడదో అప్పటికప్పుడే తేల్చేశాను. పెళ్లికొడుకు వెనకాల తల వంచుకుని వస్తున్నాడు. కంకర రాళ్లకు చెప్పు తెగి, కాలీడ్చుకుంటూ.

ఇంట్లో మా అత్త చాయ్ తెచ్చింది. గిన్నె కింద పెడుతూనే అతని చెప్పు చూసింది. లోపలికి వెళ్లి దబ్బనం, దారం తెచ్చి, అతని పక్కన పెట్టింది. అతను నవ్వాడు. మా తాతయ్య అది చూడలేదు. ఆయన చూపంతా మామ మీదే ఉంది.

పిల్లను సరిగ్గా చూడకుండానే మామ ఖాయం చేసేశాడు. "అంత మంచిగనే ఉన్నది బావా. ఒక్కసారి పట్టా జూపెట్టు, చాలు."

తాతయ్య లేచి, వాళ్లను వాకిలి దాటించి, ఇంటి ముందున్న ఇనుప కడ్డీని కర్రతో కొట్టాడు. టంగుమని మోగింది.

"గిదే. బోరబండ కాడి దాంక గిట్లనే ఉంటది. అనుమానముంటే కొరికి జూస్కో."

చుట్టుపక్కల వాళ్లంతా పగలబడి నవ్వారు. అందరికంటే గట్టిగా నేనే నవ్వానని ఇన్నాళ్లూ చెప్పుకుంటూ వచ్చాను. అబద్ధం. చెరువు నాది కాకుండా పోయిందని ఏడ్చాను. మామ ముఖం ఇటికెరాయిలా కాలింది. మా అత్త పొయ్యి మీద పెట్టిన అన్నం పొయ్యి మీదే ఉండగా, మేనల్లుడి జబ్బ పట్టుకుని గట్టు మీదికి లాక్కుపోయాడు.

తాతయ్య కళ్లు తుడుచుకుంటూ, నవ్వుతూ, అరుగు మీద కూలబడ్డాడు. అత్త వచ్చి ఎదురుగా నిలబడింది.

"నవ్వింది నువ్వు నాయినా. పెండ్లి నాది. నన్నొక్క మాట అడిగినవా?"

"భూమి పేరు ఇని బావ అన్నోడు బిడ్డా వాడు. అసుంటోని ఇంటికి పోతవా?"

"నేను పొయ్యేది ఆ మామ ఇంటికా? ఆ పిలగాడు ఎట్లుంటడో ఒక్కపారన్న జూసినవా? నీకు నవ్వనీకి దొరికినోన్నే జూసినవ్."

మా తాతయ్య నోరు తెరిచే లోపే అత్త నా మణికట్టు పట్టుకుని బయటికి నడిచింది. పెళ్లికూతురు పెళ్లివారి వెంటపడడమా! అరుగుల మీదివాళ్ల నవ్వు ఆగిపోయింది.

మామ కోపంతో చాలా ముందుకు పోయాడు. పెళ్లికొడుకు కుట్టీ కుట్టని చెప్పుతో వెనకబడ్డాడు. అత్త కొంత దూరంలో ఆగి, నీళ్ల వైపు చూస్తూ, అతనికి వినపడేలాగే నాతో అంది. "అడుగురా, వాళ్లకు గూడ భూమే గావాల్నా అని."

అడిగాను. అతను నాకే చెప్పాడు. "మీ తాత పట్టా అన్నప్పుడే నాకు సమజైంది. చెప్పు తెగి కిందికి జూస్కుంట నడుస్తుంటి గద. కాలు కిందనే ఉండె."

"మరి వాళ్ల మామకు ఎందుకు చెప్పలేదో అడుగు."

"చెప్తే ఆ గొడుగు మీ తాత మీదికి వస్తుండెనా?"

అత్త నవ్వు ఆపుకోలేకపోయింది. ఇక నాతో పని లేకుండా నేరుగా అతనితోనే అంది. "బువ్వ అయింది. తిని పోండ్రి."

అతను ముందుకొకసారి, వెనక్కొకసారి చూశాడు. ముందు మామ గొడుగు ఊపుతూ రమ్మని అరుస్తున్నాడు. అతను చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని మాతో వెనక్కి వచ్చాడు. వాకిట్లో మా తాతయ్యే చెంబుతో నీళ్లు తెచ్చి, అతని కాళ్ల దగ్గర పెట్టాడు. ఎవరి ముందైనా ఆయన తల దించడం నేను చూసింది అప్పుడే.

పెళ్లి అంగరంగ వైభవంగా జరిగింది, ఏనుగు మీద ఊరేగించాం అంటే మీరు నమ్ముతారేమో. ఏనుగు లేదు. ఒక ఎద్దుబండి, దానికీ ఒక ఎద్దు కుంటిది. మామ వచ్చాడు, ముఖం పక్కకు తిప్పుకునే మూడు సార్లు వడ్డించుకుని తిన్నాడు.

నా చులకన నాతోనే ముసలిదైంది, తగ్గలేదు. అద్దాల ఆఫీసులవాళ్లూ, గేటుకు సింహాలు పెట్టుకున్న సినిమావాళ్లూ దాన్ని బాగానే మేపుతున్నారు. కానీ ఒకణ్ణి ఎగతాళి చేయబోయినప్పుడల్లా మా అత్త గొంతు వినిపిస్తుంది. వాడి వెనకాల ఎవరున్నారో, ఈ నవ్వుకు ఇంట్లో ఎవరి అన్నం చల్లారుతుందో ముందుగా ఒకసారి చూసుకుంటాను. ముందుగా అన్నాను కదా, అది కూడా కొంచెం పెంచి చెప్పిందే. ముందు నవ్వేస్తాను. తరవాత చూస్తాను. కానీ చూస్తాను.