మంచి మోటారును కోసిన ఉస్తాద్

సికింద్రాబాద్‌లో మిద్దెల మీది ట్యాంకుల్లోకి నీళ్లు ఎక్కుతున్నాయంటే కారణం ముగ్గురు: వానదేవుడు, కరెంటు, తుకారాం. మొదటి ఇద్దరూ అప్పుడప్పుడు నాగా పెడతారు.

తుకారాంది సీతాఫల్‌మండిలో మోటార్ల వైండింగ్ దుకాణం. కాలిపోయిన మోటారులోంచి పాత రాగి తీగ కోసి తీసేసి, కొత్తది చుట్టడం ఆయన పని. నలభై ఏళ్లలో పదకొండు మంది ఆయన్ని ఉస్తాద్ అని పిలిచి, పని నేర్చుకుని బతుకుతున్నారు. పన్నెండో మనిషి మనవరాలు. పదో తరగతి లెక్కలు ఆమెను మూడుసార్లు వద్దన్నాయి. ఈ రాతలు ఆమెవే.

పని వస్తే చాలదు, వచ్చని చూపే సర్టిఫికెట్ కాగితం కావాలని, ఉద్యోగానికి వెళ్లిన ప్రతిచోటా ఆమెకు చెప్పారు. తాత రాసిస్తానన్నాడు. అయితే రాసిచ్చే ఉస్తాద్‌కు ముందు ఒక కాగితం ఉండాలట. అందుకని అరవై ఆరేళ్ల తుకారాం కార్ఖానా అనే పేటలో ఒక శిక్షణ కేంద్రంలో చేరాడు. అక్కడ పాఠం చెప్పే పాల్ ఆ పదకొండు మందిలో నాలుగోవాడు. ఉస్తాద్ లోపలికి రాగానే పాల్ లేచి నిలబడేవాడు. సారు నిలబడ్డాడని తుకారాం కూడా నిలబడేవాడు. పాఠం మొదలవడానికి కొంత సమయం పట్టేది.

పరీక్ష రోజు బయటినుంచి ఒక అధికారి వచ్చాడు. ఒక మోటారు ముందు పెట్టి, ఇది కాలిపోయింది, నాలుగు గంటల్లో చుట్టమన్నాడు. తుకారాం వాసన చూశాడు. మాడు వాసన లేదు. స్విచ్ వేసి, గుర్రుమనే శబ్దం విన్నాడు. తీగ బాగానే ఉంది, పోయింది కండెన్సరే. అది మార్చాడు. మోటారు తిరిగింది. ఆరు నిమిషాలు.

మార్కులు చుట్టినందుకే ఉన్నాయని, బాగుచేసినందుకు గడి లేదని అధికారి చెప్పాడు.

"మంచిగున్న తీగ ఎట్ల కొయ్యాలె సార్?" అన్నాడు తుకారాం.

అధికారి గడియారం చూపించాడు. పాల్ గోడవైపు తిరిగాడు. మంచి తీగ కోసినవాడికి అన్నం పుట్టదని తుకారాం తన దగ్గరికి వచ్చిన ప్రతివాడికీ మొదటిరోజే చెప్పేవాడు. పాల్‌కు చెంపదెబ్బతో కలిపి చెప్పాడు.

కట్టర్ చేతిలో పట్టుకుని ఆయన కిటికీలోంచి చూశాడు. బయట మెట్ల మీద మనవరాలు గోళ్లు కొరుక్కుంటోంది. రెండు చేతులవీ అయిపోయినట్టున్నాయి.

తీగ కోశాడు. మళ్లీ చుట్టాడు. రెండో శ్రేణిలో పాసయ్యాడు; మొదటి ఆరు నిమిషాలు దండగ చేశాడట.

ఇప్పుడు ఆ కాగితం దుకాణంలో అద్దం కట్టించి ఉంది. మనవరాలు దుకాణంలో ఏడాది పని చేస్తే ఆమెకు ఆయన రాసిచ్చేదీ చెల్లుతుంది. కోసిన రాగి తీగను మాత్రం ఆయన పాతసామాన్ల వాడికి ఇవ్వలేదు. అధికారిని అడిగి తెచ్చుకుని, కాగితం పక్కనే మేకుకు తగిలించాడు. దాని గురించి ఎవరూ అడగరు.

మనవరాలు ఇదంతా రాసి, ఆయనకు చదివి వినిపించి, ఎట్లుంది తాతా అని అడిగింది. తుకారాం కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"నీ కోసం మంచి మోటర్ కోసిన. గీ రాసుడు పక్కకు పెట్టు. కాలినయ్ నాలుగున్నయ్, కూసోని చుట్టు."