నున్నటి కాగితం మీద యుద్ధం

నా నోటి దురద వల్ల ఒకడు నేరుగా యుద్ధంలోకి ఓడెక్కబోయాడు. నవ్వుకోండి గానీ, నేను మాత్రం తల దించుకోను. ముందే చెబుతున్నాను.

ఎనభైల మొదట్లో విశాఖ పోర్టులో కలాసీని. బడి ఐదో తరగతితో సరి. మిగతా చదువంతా పొట్లాల కాగితాల దగ్గర. గల్ఫ్‌లో రెండు దేశాలు కొట్టుకుంటుంటే, ఒకదాని ఎంబసీకి కార్డు ముక్క రాశాను. అంతే, నెలనెలా ఉచితంగా ఇంగ్లీషు పత్రిక! సగం అర్థమయ్యేది, మిగతా సగం నేనే పూరించేవాణ్ణి. కాగితం పెళ్ళికొడుకు బుగ్గలా నున్నగా ఉండేది. అంత నున్నటి కాగితం అబద్ధమాడుతుందా? టీకొట్టుకు యుద్ధమంత్రిని నేనే.

వన్‌టౌన్‌లో తాళాలు బాగుచేసే మస్తాన్ ఒకనాడు అక్కడికే వచ్చాడు. అతని తమ్ముడు కరీం ఓడలో వంటవాడు.

"బావా, మావోడి ఓడ ఆ దేశం రేవుకే ఎల్తాదట. రేపే ఎక్కాల. మాయమ్మ అన్నం ముట్టడం నేదు. ఎల్లమంటావా?"

పత్రిక విప్పాను. ఎండలో మెరిసే రేవు, బస్తా మోస్తున్న పనివాడి వీపు. కింద, ‘యుద్ధంలోనూ ప్రశాంతంగా మా రేవు’.

"సూడు మస్తానూ! ఆ ఈపులో బయం కనబడతందా?"

"నేదు బావా."

"మరింకేటి? ఎల్లమను!"

ఇంటికొచ్చి పత్రిక మంచం మీద పడేశాను. మా ఆవిడ అమ్మాయి పుస్తకానికి అట్ట వేద్దామని ఆ పేజీ చింపబోయి ఆగింది.

"మావా, నీ ఒంటిమీదున్న సొక్కా ఈ పొటోలోకెలా ఎల్లింది?"

"ఏ సొక్కా?"

"ఈ ఎర్రగుడ్డ మాసిక నాను ఏసిందే కదా! ఎనకాల మన డాల్ఫిన్ నోస్ కొండ కూడా ఉంది!"

ఎవరి వీపు వారికి కనబడదంటారు పెద్దలు. నాది కాగితం మీద పరిచి చూపించినా కనబడలేదు. ఆ దేశం ఓడ మన రేవుకొచ్చినప్పుడు సూటువాడొకడు కెమెరాతో తిరిగిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. రోజూ చూసే కొండనైనా పోల్చుకోలేదేమని అడక్కండి. నున్నటి కాగితం మీద సొంత ఊరు కూడా విదేశమే!

చెప్పుల్లేకుండా పరుగెత్తాను. కరీం పెట్టె సర్దుతున్నాడు.

"ఆపండ్రా! ఆ ఈపు నాది!"

మస్తాన్ నన్ను గిర్రున తిప్పి చూశాడు. "నీదే! బయం నేదన్నావు కదేటి?"

"ఇప్పుడు సూడు, ఎలా వొణుకుతందో!"

కరీం ఓడెక్కలేదు. వాళ్ళమ్మ నాకు ముందు తిట్లు, తర్వాత సేమియా పెట్టింది.

నా కడుపు మంట మాత్రం చల్లారలేదు. ఇంకెంతమంది కరీములను ఓడెక్కిస్తారు, నిజం అచ్చేయండని ఎంబసీని నాలుగు పేజీల్లో కడిగేశాను. మర్యాదస్తుణ్ణి గనుక, మొదటి వాక్యం మాత్రం ‘అయ్యా, మీ పత్రిక నెలనెలా అందుతోంది, కాగితం చాలా బాగుంది’ అని పెట్టాను.

మరుసటి నెల ‘విశాఖ అభిమాని లేఖ’ అంటూ నా పేరుతో అచ్చేశారు. ఆ ఒక్క వాక్యమే!

సముద్రుడి సాక్షిగా ఆనాడే ఒట్టు పెట్టుకున్నాను: తిట్టదలచినవాణ్ణి ఈ జన్మలో ముందుగా మెచ్చుకోను.