తివాచీలో మోగిన బిళ్ల

నారిన్ లోయలోని ఆ ఊళ్లో ఎవరు పోయినా ముందు జూరకాన్ ఇంటికే కబురొచ్చేది. తల్లితో కలిసి రెండు చలికాలాలు కూర్చుని కుట్టిన షిర్దక్ ఆవిడ దగ్గరుంది. మేక కొమ్ముల ముగ్గున్న దళసరి ఉన్ని తివాచీ. శవాన్ని పడుకోబెట్టడానికి అడిగితే లేదనేది కాదు. తల్లి చేతి కుట్టు ఇంకేదీ మిగల్లేదు. కూతురు మేరిమ్ పెళ్లికి ఇవ్వాల్సిందీ అదే.

ఈ చలికాలం పొరుగింటి ముసలాయన చావుకి వెళ్లిన తివాచీ తిరిగి రాలేదు. అడిగితే అందరూ తెలీదని పెదవి విరిచారు.

"ఏడవకమ్మా," అంది మేరిమ్. "తాళంచెవులు పోతే వెతకడానికని కొన్న జాడబిళ్ల ఇచ్చేముందే పొరల మధ్య పెట్టి కుట్టేశాను. పక్కనుంచి ఎవరి ఫోన్ వెళ్లినా దాని చోటు మనకి తెలిసిపోతుంది. దగ్గరికెళ్లి మన ఫోన్ నొక్కితే మోగుతుంది కూడా."

ఫోన్లో చుక్క తుర్గునాలి ఇంటి మీద ఆగింది. ఊళ్లో అందరికంటే గట్టిగా దువా చదివే పెద్దమనిషి ఇల్లు.

ఆదివారం ఆ ఇంట్లో మనవణ్ణి తొట్లో వేసే విందు. ఊరంతా వెళ్లింది. తుర్గునాలి పెద్దల మధ్య కూర్చుని, చేతులెత్తి గట్టిగా దువా మొదలెట్టాడు. జూరకాన్ ఫోన్ నొక్కింది. ఆయన కూర్చున్న పరుపు కింద కీచుకీచుమని మోత.

"ఏంటి బాబాయ్, కోడిపిల్లని పొదుగుతున్నావా?" ఎవరో ఇకిలించారు.

జూరకాన్ వెళ్లి పరుపు అంచు ఎత్తింది. కొమ్ముల ముగ్గు నిండా గడ్డకట్టిన కొవ్వు, ఒలికిన చాయ్ మరకలు.

తుర్గునాలి తొణకలేదు. "శవాన్ని కడిగినవాడికి శవం కింద పరిచింది వాటా కదమ్మా. ఆచారం నేను పెట్టానా?"

"వాటా పోయినాయన సొమ్ములోంచి తీసుకుంటారు, అరువు సొమ్ములోంచి కాదు. అయినా నువ్వు కడిగావా? గుమ్మంలో ముక్కు మూసుకుని నిలబడ్డావని మీ బామ్మర్దే చెప్పాడు!"

గదిలో ఒక్కరూ ఆశ్చర్యపోలేదు. ఆ ముగ్గు ఎవరిదో అందరికీ తెలుసు. తెలిసే దాని మీద కూర్చుని తింటున్నారు.

"పిల్లాడి విందు కదక్కా, గొడవెందుకు?" పక్కింటావిడ గొర్రెతోక కొవ్వు ముక్క జూరకాన్ నోటి దాకా తెచ్చింది. "ముందు ఇది తిను."

జూరకాన్ ఆ చేతిని పక్కకి నెట్టింది.

"లేవండి," అంది.

చేతుల్లో ఎముకలతో, ముంజేతుల మీదికి కారుతున్న పులుసుతో లేచారు. తల్లీకూతుళ్లు తివాచీ చుట్టి మోసుకుపోయారు.

ఇంటి ముందు మంచు మీద బోర్లా పరిచి ఎంత బాదినా కొవ్వు కంపు పోలేదు. మేరిమ్ కత్తెర తెచ్చింది. "బిళ్ల తీసేయనా?"

"ఉండనీ. రేపు ఎవరో ఒకరు పోతారు. మళ్లీ ఆ మొహాలే వచ్చి అడుగుతాయి. చావింటికి లేదనలేను... థూ!"