సేటు పాస్‌వర్డూ, కోదాడ బామ్మర్దీ

ఆ రోజుల్లో మనిషి మాట మీద మనిషికి నమ్మకం ఉండేదని పెద్దవాళ్లు అంటుంటారు. అలాంటి రోజులు నాకైతే ఎప్పుడూ తగల్లేదు. నేను ఉద్యోగంలో చేరేనాటికే అందరి నమ్మకమూ కంప్యూటర్ మీదికి మళ్లిపోయింది. బతికున్న ఆడపిల్ల ఎదురుగా నిలబడి "నేను కరెక్టే కొట్టిన" అని నెత్తీ నోరూ బాదుకుంటుంటే, ఆమె మొహం వైపు చూడకుండా, తెర మీద ఎర్రగా వెలిగే ఒక లైను వైపు చూసి "తప్పని సూపిస్తుంది గదా" అనే మనుషుల మధ్య నేను నా మొదటి ఉద్యోగం చేశాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మా ఆయన ఈ కథ ఎన్నిసార్లు విన్నా నవ్వుతాడు. మీరైనా నా పక్షాన నిలబడతారని చెప్తున్నాను.

మాది సూర్యాపేట పక్కన చివ్వెంల. డిగ్రీ అయ్యాక సూర్యాపేటలో కంప్యూటర్ కోర్సు చేసి, మిర్యాలగూడలో మేనత్త ఇంట్లో ఉంటూ ఒక రైస్ మిల్లులో ఆపరేటర్‌గా చేరాను. లారీలకు వే బిల్లులు తీయడం, ప్రభుత్వ వెబ్‌సైట్లలో మిల్లు వివరాలు ఎక్కించడం నా పని. ఒక్కో వెబ్‌సైటుకు ఒక్కో పాస్‌వర్డు. నాకంటే ముందున్న ఆపరేటర్ వాటన్నిటినీ బుర్రలో పెట్టుకుని, ఆ బుర్రతో సహా దుబాయ్ వెళ్లిపోయాడు. అప్పుడు రంగంలోకి దిగాడు కోదాడ బామ్మర్ది. అంటే మా మిల్లు ఓనరు సేటు భార్యకు సొంత తమ్ముడు. కోదాడలో ఏం చేస్తాడని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పేవాళ్లు కాదు కానీ, ఏ విషయమైనా తెలిసిన మనిషిగా ఉండేవాడు. బోరు మోటారు, గుండె ఆపరేషను, కారు ఇన్సూరెన్సు, ఏదైనా సరే. అక్క ఇంటికి వచ్చినప్పుడల్లా నల్లకళ్లద్దాలు తల మీదికి ఎక్కించుకుని ఆఫీసులోకి వచ్చి, నా కుర్చీ ఖాళీ చేయించి కూర్చునేవాడు.

ఒక రోజు ఆయనే దుబాయ్‌కి ఫోన్ చేసి పాస్‌వర్డులన్నీ రాబట్టి, ఆ కంప్యూటర్‌లో పాస్‌వర్డ్ మేనేజర్ ఎక్కించాడు. "చూడమ్మాయ్, ఇదొక బీరువా అనుకో. పాస్‌వర్డులన్నీ ఇందులో ఉంటాయి. ఈ బీరువాకి ఒకటే తాళంచెవి. అది మర్చిపోయావంటే ఇక బ్రహ్మదేవుడు కూడా తెరవలేడు" అన్నాడు. తర్వాత సేటు వైపు తిరిగి, "బావా, తాళంచెవి పొడుగ్గా ఉండాలి. నీ మనసులో ఎప్పుడూ తిరిగే మాట, పైకి మాత్రం ఎప్పుడూ అనని మాట పెట్టుకో. మర్చిపోవు, ఎవడూ కనిపెట్టలేడు" అని సలహా ఇచ్చాడు. సేటు చాలాసేపు ఆలోచించాడు. బామ్మర్దిని చాయ్ తాగి రమ్మని మిల్లు వెనకే ఉన్న ఇంట్లోకి పంపాడు. తలుపు దగ్గరికి వేసి, నా చెవి దగ్గర వంగి, "కొట్టు బిడ్డా" అని మెల్లగా ఒక్కో ముక్కా చెప్పాడు. నేను ఇంగ్లిషు అక్షరాల్లో, ఖాళీల్లేకుండా కొట్టాను. కోదాడ బామ్మర్ది ఉత్త డబ్బా.

(నాకు నవ్వొచ్చింది నిజమే. కానీ పెట్టింది సేటు. ఈ సంగతి జర గుర్తుంచుకోండి.)

ఆ తాళంచెవితో కొన్నాళ్లు బీరువా చక్కగానే తెరుచుకుంది. రోజూ ఉదయం వచ్చి బామ్మర్దిని డబ్బా అని కొట్టడం, తలుపు తెరుచుకోవడం. అదొక సుప్రభాతంలా అలవాటైపోయింది.

ఒక వర్షాకాలం ఉదయం మిల్లు గేటు దగ్గర బియ్యం లారీ నిండా లోడై నిలబడి ఉంది. వే బిల్లు కాగితం చేతికిస్తే కదలడమే. డ్రైవర్ హుజూర్‌నగర్ వైపు ముసలాయన. టైర్ పక్కన స్టవ్ పెట్టుకుని పప్పు ఉడకేస్తూ, "జల్ది తియ్ బిడ్డా, మొగులైతుంది. టార్పాలిన్‌కు చిల్లులున్నయ్" అన్నాడు. అప్పటికే ఆకాశం నల్లగా ఉంది. సరేనని కంప్యూటర్ వేసి, బీరువా ముందు కూర్చుని పాస్‌వర్డ్ కొట్టాను. పాస్‌వర్డ్ పడే పెట్టెలో ఎప్పటిలాగే నల్ల చుక్కలు వరుసగా వచ్చాయి. కింద ఎర్రగా ఒక లైను. పాస్‌వర్డ్ తప్పు.

తొందరలో వేలు తగిలిందనుకున్నాను. మళ్లీ కొట్టాను. తప్పు. ఒక్కో అక్షరం పైకి చదువుకుంటూ (మెల్లగానే, చుట్టూ చూసుకుని) కొట్టాను. తప్పు. కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాను. తప్పు. కీబోర్డును బోర్లించి దులిపాను. దోసెడు తవుడు రాలింది కానీ తప్పు తప్పే. అంతలో సేటు వచ్చాడు.

"ఏమైంది?"

"పాస్‌వర్డ్ తీస్కుంటలేదు సేటూ."

"మర్సిపోయినవా?"

"లేదు సేటూ. అదే కొట్టిన."

"అదే కొడ్తే ఎందుకు తీస్కోదు?"

ఈ ప్రశ్నకు ప్రపంచంలో ఏ ఆడపిల్ల దగ్గర జవాబుంటుంది చెప్పండి. తాళంచెవి సరైనదే, తాళం మొరాయిస్తుందంటే ఇనుప తాళాన్ని తిడతారు, కొబ్బరినూనె పోస్తారు. కంప్యూటర్ మొరాయిస్తే మాత్రం మనిషిని తిడతారు. సేటు నా చేతుల వైపు చూసి, "గా గోర్లు జూడు ఎట్ల పెంచినవో. ఒకటి కొట్టబోతే ఇంకోటి పడ్తది" అన్నాడు. గోళ్లకూ దీనికీ ఏం సంబంధం? అయినా నెయిల్ కట్టర్ తెప్పించుకుని అక్కడే గోళ్లు కత్తిరించుకున్నాను. ఎంతో ముచ్చటగా పెంచుకున్న గోళ్లు! కత్తిరించాక కొట్టినా తప్పే. వెబ్‌సైటులో 'పాస్‌వర్డ్ మర్చిపోయారా' అన్నదాన్ని నొక్కితే ఓటీపీ దుబాయ్ వెళ్లినాయన పాత నంబరుకు పోతోంది, ఆయనేమో ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు.

ముందు రోజే అక్క ఇంటికి వచ్చి ఉన్న కోదాడ బామ్మర్ది ఇడ్లీలు తిని, చేయి తుడుచుకుంటూ ఆఫీసులోకి వచ్చాడు. నా కుర్చీ ఖాళీ చేయించాడు.

"కంప్యూటర్ అబద్ధం చెప్పదమ్మాయ్. మనుషులే చెప్తారు."

"అంటే నేను అబద్ధం చెప్తున్ననా సార్?"

"అట్లా అని నేనన్నానా? మర్చిపోయావంటున్నా. వయసులో ఉన్నారు, మనసు ఎక్కడో ఉంటుంది."

నా మనసు ఎక్కడ ఉండాలో చెప్పడానికి ఈయనెవరు? నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడుపు కాదు, మంట. "సార్, ఆ పాస్‌వర్డ్ నేను సచ్చినా మర్సిపోను" అన్నాను. సేటు ఉలిక్కిపడి నా వైపు చూశాడు.

"అయితే సింపుల్" అన్నాడు బామ్మర్ది. "పెట్టె పక్కన ఈ కన్ను బొమ్మ ఉంది చూడు. ఇది నొక్కితే చుక్కలు పోయి అక్షరాలు కనపడతాయి. నువ్వు కొట్టు, నేను చూస్తా. ఎక్కడ తప్పుతున్నావో తేలిపోద్ది."

"వద్దు!" అన్నాం సేటూ నేనూ ఒక్కసారే.

"ఎందుకు బావా?"

"పాస్‌వర్డ్ బయటికి కనపడొద్దని నువ్వే జెప్తివి గదా" అన్నాడు సేటు గంభీరంగా.

"నేను పరాయివాణ్నా బావా?"

బామ్మర్ది లేని సమయం చూసి కన్ను తెరుద్దామంటే ఆయన కుర్చీ వదలడు. లేవమంటే అనుమానం. బామ్మర్ది మొహం మాడ్చుకుని, సూర్యాపేటలో తనకు తెలిసిన రిపేరు షాపాయనకు ఫోన్ కలిపాడు. ఆయన అటునుంచి అంతా విని, "సీపీయూ తీస్కరాండ్రి, ఫార్మాట్ కొడ్తె ఖతం" అన్నాడు. ఫార్మాట్ కొడితే బీరువా మొత్తం పోతుంది, ఇక ఒక్క వెబ్‌సైటూ తెరుచుకోదు అని నేను మొత్తుకున్నాను. "కొత్తగా మొదలుపెట్టుకుందాం" అన్నాడు బామ్మర్ది, పోయేది తన సొమ్ములాగా. సేటు దిగులుగా తల ఊపాడు. ఒక పాత దుప్పటి తెచ్చి, సీపీయూ మూట కట్టి, సూర్యాపేట బస్సులో ఒళ్లో పెట్టుకుని పొమ్మన్నారు నన్ను. "మళ్ల గాడ్నే ఉండు. మీ ఊరు దగ్గరే గదా. నేను పిలిస్తే రా" అన్నాడు సేటు, నా మొహం చూడకుండా. అంటే ఏమిటి? ఉద్యోగం ఊడినట్టే. సరైన పాస్‌వర్డ్ కొట్టినందుకు!

బయట నాలుగు చినుకులు పడ్డాయి. డ్రైవర్ కిటికీలోంచి తల పెట్టి, "సేటూ, మీ గేటుకు కొత్తగా కాగితం అంటించిన్రు, 'బండ్లు ఆపరాదు' అని. ఆపింది మీరేనాయె. బియ్యం నానుతయ్ సూడుండ్రి" అన్నాడు.

నేనిక ఆగలేకపోయాను. దుప్పటి తీసి అవతల పారేశాను. "నేను పోను. ఒక్కపారి కన్ను తెరిసి కొడ్త. అందరు సూడుండ్రి. తప్పు కొడ్తే నేనే బస్సెక్కి పోత. కరెక్ట్ కొడ్తే మాత్రం కరెక్టని మీరు ఒప్పుకోవాలె" అన్నాను. సేటు ఆకాశం వైపు చూశాడు, లారీ వైపు చూశాడు, బామ్మర్ది వైపు చూశాడు. బియ్యమా బంధుత్వమా అన్నట్టుంది ఆయన మొహం. చివరికి బియ్యమే గెలిచింది. "ఏమైతే గదే అయితది. తెరువ్" అని కళ్లు మూసుకున్నాడు.

తీగలన్నీ మళ్లీ పెట్టి కంప్యూటర్ వేసి, నా కుర్చీలో నేనే కూర్చుని, కన్ను నొక్కి, కొట్టడం మొదలుపెట్టాను. తెర మీద కోదాడ లేదు, బామ్మర్ది లేడు. తల లేని దీర్ఘాలు, దిక్కులేని పొల్లులు, ఒకదాని మీద ఒకటి పడ్డ తెలుగు అక్షరాలు!

"ఇదేంటి, తెలుగొస్తుంది?" అన్నాడు బామ్మర్ది.

నా బుర్రలో టపీమని వెలిగింది. తెర కింద మూలకు చూశాను. ఇంగ్లిషు అని ఉండాల్సిన చోట చిన్నగా 'తె' అని ఉంది. పొద్దున్నుంచి నేను ఇంగ్లిషు కొడుతున్నాను, కంప్యూటర్ తెలుగు రాసుకుంటోంది, చుక్కల చాటున ఎవరికీ తెలియడం లేదు. ఇంకెక్కడైనా ఒక్క అక్షరం కొట్టి చూసినా బయటపడేది, కానీ మా గొడవంతా ఆ ఒక్క పెట్టెతోనే అయిపోయింది. "దీంట్ల తెలుగు ఎవరు పెట్టిన్రు?" అని అరిచాను. జవాబు గేటుకే అంటించి ఉంది. ముందు రోజు నేను ఇంటికి పోయాక ఆ 'బండ్లు ఆపరాదు' నోటీసు కొట్టింది కోదాడ బామ్మర్దే. అందుకోసం తెలుగు కీబోర్డు ఎక్కించి, ఎప్పుడు వేసినా తెలుగే వచ్చేట్టు పెట్టి, చక్కా పోయి పడుకున్నాడు.

ఆవేశంలో మూలన నొక్కి ఇంగ్లిషు పెట్టి, టకటకా మళ్లీ కొట్టాను. కన్ను తెరిచే ఉందన్న సంగతి మర్చిపోయాను.

బామ్మర్ది ముందుకు వంగి అక్షరం అక్షరం చదువుతున్నాడు. "కో...దా...డ. బా...మ్మ...ర్ది." "నా పేరు పెట్టుకున్నావా బావా? మనసులో ఉన్న మాట పెట్టుకోమంటే..." అని నిజంగానే కళ్లు ఒత్తుకున్నాడు. నా వేళ్లు ఆగలేదు, అలవాటు మీద పోతున్నాయి. "ఉ...త్త..." అన్నాడు. ఆ తర్వాతది ఆయన పైకి చదవలేదు. బీరువా తలుపు ఠక్కున తెరుచుకుంది.

మొదట నోరు విప్పింది సేటు. ఏమన్నాడో వినండి. "గా పిల్లనే పెట్టింది బామ్మర్దీ. నాకేం ఎర్క?"

పొద్దున్నుంచి పాస్‌వర్డ్ మర్చిపోయానన్నారు. ఇప్పుడు ఆ పాస్‌వర్డ్ పుట్టించిందే నేనంటున్నారు. "సేటూ!" అన్నాను. అంతలో చాయ్ గ్లాసులు పట్టుకుని వచ్చిన సేటమ్మ తెర వైపు చూసి, గ్లాసులు బల్ల మీద పెట్టి, "గా పిల్లకేం తెల్సు పాపం. మా తమ్ముని డబ్బా అనెటోడు ఈ ఇంట్ల ఒక్కడే ఉన్నడు. పెండ్లైన కాడికెళ్లి ఇనుకుంటనే ఉన్న" అంది.

బామ్మర్ది బావను ఏదో అనబోయి, తెలుగు కీబోర్డు సంగతి గుర్తొచ్చినట్టుంది, నోరు మూసుకున్నాడు. ఇద్దరూ చెరో గ్లాసు తీసుకుని చెరో కిటికీ వైపు తిరిగారు. నేను మధ్యలో నిలబడి అడిగాను: "అయితే పాస్‌వర్డ్ కరెక్టే గదా?"

"ఆఁ ఆఁ, ఇగ బిల్లు తియ్" అన్నాడు సేటు.

తీశాను. లారీ వాన ముదిరేలోపే కదిలిపోయింది. ఉద్యోగమూ నిలిచింది. ఆ మధ్యాహ్నం బావాబామ్మర్దులు ఒకే కంచం దగ్గర కూర్చున్నట్టు పక్కపక్కనే కూర్చుని అన్నం తిన్నారు. వాళ్ల మధ్య మనస్పర్ధ ఎంతసేపు ఉంది? పచ్చిపులుసు వచ్చేవరకు. కానీ "నువ్వు చెప్పిందే నిజం బిడ్డా" అని మాత్రం, ఆ రోజుగానీ నేను మానేసిన రోజుగానీ, ఒక్కరంటే ఒక్కరు అనలేదు. నేను అడగడం మానలేదు, వాళ్లు చెప్పడం మొదలుపెట్టలేదు.

ఇప్పుడు సూర్యాపేటలోనే ఉంటున్నాను. మొన్న ఒక ఆఫీసులో వేలిముద్ర వేయమన్నారు. వేశాను. సరిపోలలేదంది మిషను. "అయ్యో, సారీ అండీ" అన్నాను నేను. ఎవరికి చెప్పానో తెలియదు, బహుశా మిషనుకే. వేలు కొంగుకు తుడుచుకుని మళ్లీ పెట్టాను. మళ్లీ కాదంది. నా వేలు నాది కాదేమో అని ఒక్క క్షణం నిజంగానే వెనక్కీ ముందుకీ తిప్పి చూసుకున్నాను. ఇంటికొచ్చేదారిలో ఆటోలో నాకే నవ్వొచ్చింది. నా స్థానంలో మిర్యాలగూడ మిల్లులో పనిచేసిన ఆ పిల్ల ఉండి ఉంటే, ఆ ఆఫీసు ఆఫీసంతా ఏకం చేసి, ఈ వేలు నాదేనని మిషనుతో ఒప్పించేదాకా బయటికి వచ్చేది కాదు.